రాళ్ళు చూడ్డానికి ఏ మైక్రోస్కోప్ కొనాలి?

"గురూగారూ, ఆన్‌లైన్‌లో 1600 ఎక్స్ మైక్రోస్కోప్ రెండు వేల లోపే వస్తోంది. మీరేమో 45 ఎక్స్ దానికి అన్ని వేలు పొయ్యమంటారేటి?" అని మా షిఫ్టులో కుర్రాడు అడిగాడు. టీ టైంలో సగం చెప్పేసరికి సైరన్ మోగింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. రాళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు విశాఖలో ఇంకా ఉన్నారని ఈమధ్యే తెలిసింది, వాళ్ళకీ పనికొస్తుంది.

నేనుండేది గాజువాకలో. ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. జియాలజీ చదవలేదు. కానీ రోజూ గేజీలు విప్పి కేలిబ్రేషన్ చేసే ఉద్యోగం కాబట్టి, ఏ పరికరం మీదైనా కంపెనీ వేసిన అంకెని కొలిచి చూడందే నమ్మలేను. మా బాబాయ్ వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర బంగారం పని చేస్తాడు. రాళ్ళ గోల నాది, బంగారం గోల ఆయనది. ఇద్దరికీ పనికొచ్చే మైక్రోస్కోప్ ఏదని వెతుకుతూ పోతే తేలిన సంగతులివి.

ముందు ఆ ఎక్స్ సంగతి తేల్చేద్దాం. ఎక్స్ అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందన్న లెక్క. కన్ను ఆనించి చూసే మైక్రోస్కోప్‌లో 40 ఎక్స్ అంటే ఒక లెక్క ఉంది: రాయి వైపుండే లెన్స్ (ఆబ్జెక్టివ్) ఎంత, కంటి వైపుండే లెన్స్ (ఐపీస్) ఎంత, రెండూ గుణిస్తే వచ్చేది. తెర మీద చూసేదానికి ఆ లెక్క కుదరదు. పిల్లల స్కేలు ఒకటి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. తెర ఈ చివర నుంచి ఆ చివరికి సరిగ్గా 10 మిల్లీమీటర్లు కనబడ్డాయనుకుందాం. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. పది మిల్లీమీటర్లు 530 మిల్లీమీటర్లయ్యాయి కాబట్టి 53 ఎక్స్. అదే బొమ్మని 15 సెంటీమీటర్ల ఫోన్ తెర మీద చూస్తే 15 ఎక్స్. మైక్రోస్కోప్ అదే, ఫోకస్ అదే, రాయి కూడా కదల్లేదు. మరి పెట్టె మీద 1600 అని వేసినవాడు ఏ తెర మీద కొలిచాడు? ఎవరికీ తెలియదు.

సరే, ఆ మానిటర్ మీద నిజంగా 1000 ఎక్స్ కావాలనుకోండి. అప్పుడు తెర మొత్తానికి పట్టేది అర మిల్లీమీటరు రాయి. లోపలి కెమెరా సెన్సర్‌కి అడ్డంగా 1600 పిక్సెళ్ళుంటే ఒక్కో పిక్సెల్ వాటాకి వచ్చేది మిల్లీమీటరులో మూడువేలో వంతు. కంటికి కనబడే వెలుగు తరంగదైర్ఘ్యం కన్నా అది తక్కువ. అంత సన్నని వివరం విడిగా కనబడాలంటే నూనె చుక్క వేసి వాడే ల్యాబ్ ఆబ్జెక్టివ్‌లు కావాలి. పెన్ను సైజు గొట్టంలో ఉన్న చిన్న లెన్స్ వల్ల అయ్యే పని కాదు. అది బొమ్మని సాగదీస్తుందంతే, కొత్తగా ఏమీ చూపించదు. మెగాపిక్సెల్ కథా ఇలాంటిదే. లోపల రెండు మెగాపిక్సెల్ సెన్సర్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌తో ఉబ్బించి పన్నెండు అని రాసేవాళ్ళున్నారు. ఒకసారి ఫొటో తీసి, స్కేలు మీది గీతల అంచుల్ని తెర మీద పెద్దది చేసి చూస్తే బండారం బయటపడుతుంది.

అసలు మనం చూసేవాటికి ఎంత కావాలి? నన్నడిగితే పది నుంచి యాభై. అనుమానముంటే మన బీచ్ ఇసుక చిటికెడు చాలు పరీక్షకి. భీమిలి వైపు వానాకాలంలో అలలు తేలికైన ఇసుకని లాక్కుపోయి నల్లటి చారలు మిగిల్చి వెళ్తాయి కదా, ఆ నలుపు. చెప్పులకి అంటుకొచ్చినంత చాలు, సంచులకి ఎత్తొద్దు, అందులో అణుధాతు ఖనిజం కూడా ఉంటుంది. ఎర్రమట్టి దిబ్బల్లో అయితే ఆ చిటికెడు కూడా వద్దు, అది కాపాడాల్సిన చోటు.

ఆ ఇసుకని తెల్ల కాగితం మీద పరిచి 30 ఎక్స్‌లో చూడండి. లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా గాజు గుళ్ళలా కనబడేవి గార్నెట్లు. నల్లగా, లోహంలా మెరిసేవి ఎక్కువగా ఇల్మనైట్. రంగులేకుండా సన్నగా పొడుగ్గా ఉన్నవి సిలిమనైట్, ఇది మన కైలాసగిరి, డాల్ఫిన్ నోస్ కొండల ఖొండలైట్ రాళ్ళలోంచి వచ్చిందే. ఇంకా చిన్నగా, తళతళలాడుతూ, రెండు కొసలా మొన తేలి ఉన్నవి జిర్కాన్లు. ముదురు ఎరుపు-గోధుమ రంగువి రూటైల్. వీటి మధ్య తేనె రంగులో, మూలలరిగి గుండ్రంగా ఒకటీ అరా కనబడితే అది మోనజైట్ కావచ్చు. అందులో థోరియం ఉంటుంది, నేను చెప్పిన అణుధాతు ఖనిజం అదే. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ఆచార్యుడు సి. మహాదేవన్ గారు ఈ తీరపు ఇసుకలో మోనజైట్ గురించి 1940ల్లోనే రాశారు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటూ మనం తొక్కుకుంటూ పోయే ఇసుక ఇది.

ఇదంతా 30 ఎక్స్‌లోనే. 200 ఎక్స్‌కి వెళ్తే తెర నిండా ఒకే ఒక్క గింజ, దానికి నడుమ ఒక చార మాత్రమే ఫోకస్‌లో, మిగతాదంతా మసక. పెద్దది చేసేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది. మనం చూసేవేమీ చదునైనవి కావు కదా.

ఇక బంగారం. డిజిటల్ మైక్రోస్కోప్ కొనేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఇక్కడే ఉంది. పాడేరు వైపు ఊరున్న మిత్రుడొకడు గెడ్డలోంచి ఇసుక తెచ్చి "ఇందులో బంగారం ఉందన్నా, ఎండలో చూడు ఎలా మెరుస్తోందో" అన్నాడు. నిజంగానే మెరుస్తోంది. కానీ మన రాష్ట్రంలో బంగారానికి పేరున్న చోట్లు రామగిరి, జొన్నగిరి, చిగురుగుంట. అన్నీ రాయలసీమలోనే, కోలార్ గనుల తరహా రాళ్ళలో. మన తూర్పు కనుమల రాళ్ళు వేరు. అందుకని ఈ కొండల ఇసుకలో పసుప్పచ్చగా మెరిసేదాన్ని చూస్తే నాకు మొదట అనుమానం వచ్చేది అభ్రకం మీదే. నల్ల అభ్రకం ఎండకీ వానకీ పాడై పైన బంగారు రంగు తిరుగుతుంది.

రంగు చూసి తేల్చలేం. తెర మీద అయితే అసలే తేల్చలేం, ఎందుకో తర్వాత చెప్తాను. తేల్చేది సూది. మైక్రోస్కోప్ కింద ఆ రేకుని గుండుసూది మొనతో నొక్కాలి. అభ్రకమైతే పొరలుగా విడిపోతుంది. పైరైట్ (బంగారంలా మెరిసే ఇనప ఖనిజం) అయితే సూదికి లొంగదు, గట్టిగా నొక్కితే పెళ్ళుమని పగిలి పొడి అవుతుంది. బంగారమైతే గుంట పడుతుంది, సాగుతుంది, పగలదు. మోస్ కొలమానంలో బంగారం గట్టిదనం రెండున్నర నుంచి మూడు, పైరైట్‌ది ఆరు పైన. బరువు తేడా ఇంకా ఎక్కువ: బంగారం నీటికి 19 రెట్లు పైమాటే, పైరైట్ అయిదు రెట్లు, అభ్రకం మూడు దగ్గర. గిన్నెలో నీళ్ళు పోసి మెల్లిగా తిప్పితే అభ్రకం పైకి తేలి ఊగుతుంది, బంగారం అడుగున కూర్చుంటుంది. మావాడు తెచ్చింది నీళ్ళలోనే తేలిపోయింది. అయినా సూది పెట్టి చూపించాను, లేకపోతే వాడి మనసు ఒప్పుకోదు. సూది తగలగానే ఉల్లిపొరల్లా విడిపోయింది. "పోన్లే అన్నా" అని టీ తాగి వెళ్ళాడు.

ఇప్పుడు చెప్పండి, సూది పెట్టాలంటే ఏం కావాలి? లెన్స్‌కీ రాయికీ మధ్య చోటు. కొనేముందు నేను మొట్టమొదట అడిగేది ఆ చోటెంత అనే. వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. పెన్ను లాంటి చవక యూఎస్‌బీ మైక్రోస్కోప్‌లలో ఎక్కువ పెద్దది చేసి చూడాలంటే గొట్టం మూతి రాయికి దాదాపు ఆనించాలి. వాటిలో ఉన్నది జూమ్ కాదు, ఫోకస్ చక్రం ఒక్కటే. ఎంత పెద్దగా కనబడాలన్నది రాయికి ఎంత దగ్గరగా పెట్టామన్న దాని మీదే ఉంటుంది. ఆనించాక సూది ఎక్కడ దూరుతుంది? ఎగుడుదిగుడు రాయయితే గొట్టం అంచు తగిలి ఫోకసే కుదరదు. నా కొలతకి అయిదు సెంటీమీటర్ల కన్నా తక్కువ చోటుంటే అది బంగారం చూడ్డానికి పనికిరాదు.

రెండు కళ్ళతో చూసే స్టీరియో మైక్రోస్కోప్‌లు ఇక్కడే గెలుస్తాయి. 7 నుంచి 45 ఎక్స్ జూమ్, లెన్స్ కింద సుమారు పది సెంటీమీటర్ల చోటు. పైన కెమెరా పెట్టుకోవడానికి మూడో గొట్టం ఉన్నదాన్ని ట్రైనాక్యులర్ అంటారు. ఒక్కో కంటికి ఒక్కో కోణంలో బొమ్మ అందుతుంది కాబట్టి లోతు తెలుస్తుంది, సూది మొన ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. తెర చూస్తూ సూది ఆడించడం వేరే విద్య, మొన రాయి మీదుందో దాని పైన గాల్లో ఉందో పోల్చుకోలేం. అలవాటవుతుంది గానీ టైం పడుతుంది. వైఫై మైక్రోస్కోప్ అయితే చెయ్యి కదిలిన కాసేపటికి బొమ్మ కదులుతుంది, దాంతో సూది పని పెట్టుకోవద్దు. తెర మీదే చూడాలనుకుంటే హెచ్‌డీఎంఐ వైరున్నది తీసుకోండి, లేదా కనీసం యూఎస్‌బీ.

స్టీరియో మైక్రోస్కోప్ కొనేముందు చూడ్డానికి ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మొబైల్ రిపేర్ షాపులో! ఫోన్ బోర్డు మీద ఆవగింజ కన్నా చిన్న భాగాలు సోల్డరింగ్ చెయ్యడానికి వాళ్ళు వాడేది ఇదే రకం, 7-45 ట్రైనాక్యులర్. జగదాంబ దగ్గర ఒక షాపులో ఫోన్ స్క్రీన్ మార్పించుకుంటూ బతిమాలితే ఆ అబ్బాయి బోర్డు పక్కకి తీసి నా గార్నెట్ పెట్టనిచ్చాడు. "ఏటంకుల్ ఇది, గాజుముక్కా?" అని తనూ కన్నానించి, తర్వాత కౌంటర్ ముందు కస్టమర్లు నిలబడ్డా వదల్లేదు. లోపల ఉన్న సన్నటి సూదుల్లాంటివి ఏంటని అడిగాడు. గార్నెట్‌లో వేరే ఖనిజాల సూదులు చిక్కుకుని ఉండడం మామూలే. స్టాండ్ బరువు ఎంత ముఖ్యమో కూడా అక్కడే చూశాను. ఆటో పోతే బల్ల అదురుతుంది, కానీ ఆ ఇనప స్టాండ్ మీద బొమ్మ కదల్లేదు. వంగే మెడ ఉన్న ప్లాస్టిక్ స్టాండ్లు మా ఇంట్లో ఫ్యాన్ గాలికే ఊగుతాయి.

స్కూల్లో ఉండే బయాలజీ మైక్రోస్కోప్ ఇంట్లో ఉంది, సరిపోతుందా అని కూడా అడుగుతుంటారు. దానికి వెలుగు కింది నుంచి వస్తుంది. రాయి అడ్డుపడితే నల్లటి నీడ తప్ప ఏమీ కనబడదు, బంగారమైతే మరీను. జియాలజీ వాళ్ళు కింది వెలుగుతో చూసేది రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన పలకల్ని, పోలరైజింగ్ మైక్రోస్కోప్‌లో. అది ఇంట్లో అయ్యే పని కాదు.

వెలుగు గురించి ఎంత చెప్పినా తక్కువే. చాలా డిజిటల్ మైక్రోస్కోప్‌లకి మూతి చుట్టూ ఎల్‌ఈడీల వలయం ఉంటుంది. మెరుపు లేని రాయికి పర్లేదు. మెరిసే లోహం మీద అదే శత్రువు. బంగారం మీద ఆ ఎల్‌ఈడీలన్నీ తెల్లటి చుక్కలై కూర్చుంటాయి, చుక్కల మధ్య నలుపు, అసలు రూపం కనబడదు. ఆ వలయాన్ని ఆర్పేసే లేదా తగ్గించే వీలుందో లేదో కొనేముందే చూడండి. ఆర్పేసి, పక్క నుంచి మామూలు టేబుల్ లైట్ వేసి, మధ్యలో ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి. పాల రంగు ప్లాస్టిక్ కప్పు అడుగు కోసి రాయి మీద బోర్లించి, బయటి నుంచి వెలుగు వేస్తే ఇంకా మేలు, అన్ని వైపులా మెత్తటి కాంతి పడుతుంది. దీనికి పది రూపాయలు కూడా ఖర్చవదు. పైరైట్ ముఖాల మీద సన్నటి గీతలు చూడాలంటే మాత్రం ఆ కప్పు తీసేసి, లైటుని బాగా కిందికి దించి ఏటవాలుగా వెయ్యాలి.

కొన్ని ఖరీదైన మోడళ్ళకి పోలరైజర్ అనే ఫిల్టర్ ఉంటుంది, డైనో-లైట్ వాళ్ళవి కొన్ని అలాంటివే. తడి రాయి, గాజు మెరుపు ఉన్న ఖనిజాల మీద అది అద్భుతం, పైమెరుపు కోసేసి లోపలి రంగు చూపిస్తుంది. కానీ బంగారానికి ఉన్నదంతా ఆ పైమెరుపే. పోలరైజర్ పూర్తిగా తిప్పితే బంగారం మసిబారినట్టు నల్లబడుతుంది. కేవలం బంగారం కోసమే కొనేవాళ్ళు పోలరైజర్‌కి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

తెర మీద రంగు చూసి తేల్చలేం అన్నాను కదా. కెమెరా తనంతట తనే వెలుగూ తెలుపూ సర్దుకుంటుంది. తెర నిండా పసుపు కనబడితే అది ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, బంగారం పాలిపోయి వెండిలా తయారవుతుంది. చీకటి రాయిలో చిన్న బంగారు గింజ ఉంటే, చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, గింజ తెల్లగా కాలిపోతుంది. కాబట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలన్స్ (తెలుపు) మన చేతికివ్వని కెమెరా వద్దు. తెల్ల కాగితం పెట్టి తెలుపు సెట్ చేసి, లాక్ చేసి, అప్పుడు రాయి పెట్టాలి. ఒక చిట్కా: రాయిని మెల్లిగా తిప్పుతూ చూడండి. పైరైట్, అభ్రకం ఒక కోణంలో భగ్గుమని మరో కోణంలో చీకటైపోతాయి. బంగారం ఎటు తిప్పినా, మన చెయ్యి నీడ పడినా అదే పసుపు. నా దగ్గరున్న ఒకే ఒక బంగారు రాయి, రాళ్ళు సేకరించే ఒకాయన దగ్గర కొన్న చిన్న క్వార్ట్జ్ ముక్క, అందులోని గింజలు మిల్లీమీటరు కూడా లేవు. పదిహేను ఎక్స్‌లో నీడలో పెట్టి చూస్తేనే వాటి అందం.

బాబాయ్ దుకాణానికి తీసుకెళ్తే ఆయనకి రాళ్ళతో పని లేదు. "ఏట్రా, దీంతో నా కళ్ళజోడుకి సెలవా?" అని ఒక ఉంగరం తీసి దాని లోపలి వైపు పెట్టాడు. హాల్‌మార్క్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అది, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కళ్ళజోడుతో చదవలేని ఆ అక్షరాలు తెర మీద పెద్దగా, స్పష్టంగా కనబడేసరికి నవ్వాడు. ఆ అక్షరాల్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. టంకం పెట్టిన చోట రంగు తేడా, గిల్టు నగల అంచుల్లో పూత అరిగి కింద లోహం బయటపడడం, ఇవీ బాగా తెలుస్తాయి. కానీ ఇది 22 క్యారెట్లా 18 క్యారెట్లా అని అడిగితే మైక్రోస్కోప్ చెప్పలేదు. బాబాయ్ అదే అన్నాడు, గీటురాయి తీసి పక్కన పెట్టుకుంటూ. పైగా అక్షరాలు చదవడానికి మంచి 10 ఎక్స్ లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) చాలు. నగల కోసమే అయితే అది కొనుక్కోండి.

ఫొటోలు తీసేవాళ్ళకి ఒక మాట. ఫోకస్ లోతు తక్కువన్నాను కదా, దానికి విరుగుడు ఫోకస్ స్టాకింగ్. ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ వరసగా ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌తో అన్నిట్లోంచి స్పష్టంగా ఉన్న భాగాల్ని ఒకటిగా కలపడం. పికోలే ఉచితంగానే దొరుకుతుంది, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బులు పెట్టి కొనాలి. అయితే ఫోకస్ గుండ్రని చక్రం మెత్తగా, జారకుండా తిరగాలి. ఇది కూడా చేత్తో పట్టి చూస్తే గానీ తెలియదు.

మా కుర్రాడికి నేను చెప్పిందేంటంటే: ముందు లూప్ కొనుక్కో. చేతిలో రెండు వేలే ఉంటే, పిల్లలకి చూపించి సరదా పడడానికి పెన్ను మైక్రోస్కోప్ తీసుకో, కాకపోతే దాని మీద 1600 ఉందని తీసుకోవద్దు. పది వేల అటూ ఇటూగా పెట్టగలిగితే తెర అతికించి ఉన్న హెచ్‌డీఎంఐ రకం, ఇనప స్టాండ్‌తో, ఎక్స్‌పోజర్ మన చేతిలో ఉండేది. రాళ్ళ పిచ్చి ముదిరిందని నీకే తెలిసిన రోజున ట్రైనాక్యులర్ స్టీరియో. నేను వాడేది అదే, కెమెరా తర్వాత విడిగా కొన్నాను. కొత్తదే కావాలని లేదు, సామాను మార్చే రిపేర్ షాపులవాళ్ళు పాతవి అమ్ముతుంటారు, లెన్స్‌లో బూజు లేకుండా చూసుకుంటే చాలు.

బూజు అంటే గుర్తొచ్చింది. మన ఊరి గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. లెన్స్ లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటే తుడవడం మన వల్ల కాదు. గుడ్డ కవర్ వేసి ఊరుకోవద్దు, అది తేమని పట్టి ఉంచుతుంది. వాడనప్పుడు తలభాగం ఊడదీసి, గట్టిగా మూతపడే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి. స్టాండ్ స్తంభానికి పల్చగా మెషీన్ ఆయిల్ రాస్తే తుప్పు రాదు. సిలికా జెల్ గింజలు రంగు మారాక వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి, కానీ నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి వంట మూకుడు వాడకండి. పాత మూకుడొకటి విడిగా పెట్టుకోండి. మా ఇంట్లో దాని మీద పెయింట్‌తో "రాళ్ళది" అని రాసి ఉంటుంది, రాసింది మా ఆవిడ.